పలక ముందు పెట్టె వెనక

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పొయ్యే రోడ్డు పక్కన వుంది మా పల్లె. పులికాట్ చెరువు మీది వుప్పుగాలి నేరుగా మా యిండ్ల మీదికే కొడతుంది. బోర్డు మీద అరుంధతివాడ అని వుంటుంది. జనం నోట్లో మాత్రం యిప్పటికీ మాదిగపల్లే. నెల్లూరు జిల్లాలో పుట్టినోణ్ణి, 2022లో జిల్లాలు మార్చినాక తిరుపతి జిల్లావోణ్ణయినా. జిల్లా మారింది గానీ, మా పల్లె మాత్రం వూరికి యే దిక్కున పెట్టినారో ఆ దిక్కునే వుంది.

మా నాయన పలక కొట్టేవాడు. తెలంగాణలో డప్పంటారు, మా కల్లా పలకే. సావుకు పలక, కొలుపుకు పలక, చాటింపుకు పలక. రాకెట్టు వొదిలే దినం పడవలు సముద్రంలోకి పోగూడదని మునసబు చెప్తే, ఆ మాట పల్లెపల్లెకూ పలకేసి చెప్పొచ్చింది తనేనని నాయన అంటాడు. 1979 ఆగస్టు 10న మొదటి ఎస్‌ఎల్‌వి-3 పోయి సముద్రంలో పడింది. 1980 జులై 18న రెండోది పోయి రోహిణిని కక్ష్యలో పెట్టింది. నేను పుట్టింది ఆ యేడే. "రాకెట్టు శబ్దం కంటే ముందు జనం నా పలక శబ్దం యిన్నారు" అని కులాసాగా వున్నప్పుడల్లా అనేవాడు. నాకది నవ్వులాటగా వుండేది.

యిప్పుడు నేను రాసేది వొక పెట్టె గురించి. మాడ్యులర్ సింథసైజరంటారు దాన్ని. రాత్రి పూట దాంతో సంగీతం వాయించి నెట్‌లో లైవ్ యిస్తా. అందులో యే ముక్క కొనాల, యేది కొనగూడదు అని రెండేండ్లు కొట్టుమిట్టాడినా. అదేమన్నా రాసే సంగతేనా అని మీరనొచ్చు. నేనూ అట్లనే అనుకున్నా. కానీ ఆ రెండేండ్లూ నేను వెతికింది ముక్కల్ని కాదు. మా నాయన కనపడకుండా దాచే చోటుని.

బడిలో చదివేటప్పుడు వొక పిల్లోడు "మీ నాయన మా తాత సావులో బలే కొట్టినాడ్రా" అన్నాడు. మెచ్చుకున్నట్టే అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆ దినం నుంచి పలక వినపడితే దోవ మార్చుకొని పొయ్యేవాణ్ణి. యెనిమిదో తరగతిలో మృదంగం మీద ఆశ పుట్టింది. నేర్పే అయ్యవారి యింటికి పోతే వాకిట్లోనే నిలబెట్టి యే పల్లె అని అడిగినాడు. చెప్పినా. "మీకు పలకుంది గదబ్బాయ్, అది నేర్చుకో" అన్నాడు. కసరలేదు, తిట్టలేదు. నవ్వుతానే అన్నాడు. తిట్టి వుంటే తిరిగి తిట్టేవాణ్ణేమో. నవ్వుకు జవాబు దొరకలా.

యింటికొచ్చి చెప్తే నాయన, "తోలు మనది, కచేరీ వాళ్లది" అని బీడీ ముట్టించుకున్నాడు. ఆవు తోలు, మేక తోలు, గేదె తోలు లేకుండా మృదంగం లేదు. ఆ తోలు వలిచేదీ, కడిగేదీ, బిగించేదీ యెవురు? 2020లో టి.ఎం. కృష్ణ మృదంగాలు చేసే కుటుంబాల మీద పుస్తకం రాస్తే లోకం ఆ మాట మాట్లాడుకుంది. మా నాయనకు పుస్తకం లేకుండానే తెలుసు.

1994 జులైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా పుట్టినప్పుడు నాకు పద్నాలుగేండ్లు. పేరు చివర మాదిగ అని రాసుకున్నోళ్లని అప్పుడే చూసినా. సావుకు తప్ప పనికిరాదన్న పలకను భుజానేసుకొని సభలకు పోతావుంటే వొళ్లు పులకరించింది. నేనూ జై కొట్టినా. కానీ నిజం చెప్పాల. నినాదం నోటితో యిచ్చినా గానీ పలక చేత్తో ముట్టలా. సభలో యెత్తుకోవడానికి బాగుంది. యింట్లో చూరుకు వేలాడే మా నాయన పలక మాత్రం నాకు బరువుగానే వుండె.

నేను చర్చిలో కీబోర్డు నేర్చుకున్నా. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివి సూళ్లూరుపేటలో టీవీలు రిపేరు చేసినా. పిక్చర్ ట్యూబు టీవీలు పోయి పల్చటి టీవీలొచ్చినాక రిపేరు తగ్గిపోయింది. సౌండు బాక్సులు, సీసీ కెమెరాలు బిగించే పనిలో పడినా. 2017లో వీసీవీ ర్యాక్ అని వొక సాఫ్ట్‌వేరు వుచితంగా వొచ్చింది. పాత కంప్యూటర్‌లో యెక్కించుకున్నా. అప్పుడు మొదలైంది యీ పిచ్చి.

మామూలు కీబోర్డులో మీట నొక్కితే లోపల అన్నీ కలిపిపెట్టిన శబ్దం వొస్తుంది. మాడ్యులర్‌లో యేదీ కలిపి వుండదు. శబ్దం పుట్టించే ముక్క ఆసిలేటర్. దాన్ని వడగట్టే ముక్క ఫిల్టర్. హెచ్చు తగ్గులు చూసేది వీసీఏ. శబ్దం యెట్ల లేచి యెట్ల అణగాల్నో చెప్పేది ఎన్వలప్. వరసగా స్వరాలు పలికించేది సీక్వెన్సర్. వీటిని వైర్లతో మనమే కలపాల. శబ్దమూ వోల్టేజే, ఆ శబ్దానికి యిచ్చే ఆజ్ఞా వోల్టేజే. అందుకని యే వైరు దేంట్లోనైనా పెట్టొచ్చు. ఫలానా వైరు ఫలానా గడప తొక్కగూడదనే కట్టుబాటు లేదు. టీవీ లోపల చూసి చూసి వున్న నాకు యిది బాగా నచ్చింది. దీనికి కులం తెలవదు అనుకున్నా.

తర్వాత దీని చరిత్ర చదివినా. మన దేశానికి మూగ్ మాడ్యులర్ సింథసైజర్ వొచ్చింది 1969లో. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ బిగించినాడు. ఆ సంస్థను నిలబెట్టింది గౌతమ్ సారాభాయ్, గిరా సారాభాయ్. అక్కడ ఆ యంత్రం మీద సంగీతం కట్టినోళ్లలో వాళ్ల తోబుట్టువు గీతా సారాభాయ్ వొకరు. వాళ్ల యింకో తోబుట్టువు విక్రమ్ సారాభాయ్. ఆయన పెద్దగా వున్నప్పుడే, అదే 1969లో, రాకెట్లు వొదలడానికి శ్రీహరికోట దీవిని యెంచినారు. దీవిలో వుండిన యానాదులు చోటు వొదలాల్సొచ్చింది. 1971 అక్టోబరు 9న ఆడ మొదటి చిన్న రాకెట్టు లేచింది. మూగ్ మీద 1969 నుంచి 1972 దాకా చేసిన టేపులు 2023లో ఆల్బమ్‌గా బయటికొచ్చినాయి.

వొకే యేడు, వొకే యింటి మనుషుల చేతుల మీదుగా అహ్మదాబాద్‌కు సింథ్, మా చెరువు అవతలికి రాకెట్టు. రాకెట్టు మా నెత్తి మీదుగా పోయింది. సింథ్ మా పల్లెకు రావడానికి యాభై యేండ్లు పట్టింది. వాళ్లని తిట్టడానికి చెప్పడంలా. యంత్రానికి కులం తెలవకపోవొచ్చు గానీ, అది యే గుమ్మం ముందు దిగాల్నో నిర్ణయించే లోకానికి బాగా తెలుసు అని చెప్తావుండా.

2020 లాక్‌డౌన్‌లో పనులు ఆగిపోయి రాత్రుళ్లు లైవ్‌లు చూస్తా కూర్చున్నా. మరుసటేడు చీటీ పాడితే లక్షా పదివేలొచ్చింది. మా ఆడమనిషి పైకప్పు వేయించమంది. సగం కప్పుకు, సగం పెట్టెకు అని వొప్పందం చేసుకున్నాం.

కొనాలంటే ముందు కొలత తెలియాల. యూరోరాక్ అనేది జర్మనీలో డోఫర్ కంపెనీ 1990ల నడుమ మొదలుపెట్టిన కొలత. ముక్క యెత్తు 128.5 మిల్లీమీటర్లు. వెడల్పు హెచ్‌పిల్లో లెక్క, వొక హెచ్‌పి 5.08 మిల్లీమీటర్లు. 84 హెచ్‌పి పెట్టె అంటే మూరకు రెండు వేళ్లు తక్కువ. ఆ మూరలోనే సంసారం చక్కబెట్టుకోవాల. ప్రతి ముక్కా ప్లస్ 12 మీద యెంత, మైనస్ 12 మీద యెంత కరెంటు తాగుతుందో రాసి వుంటుంది. అన్నీ కూడి, పైన పావు వంతు మిగిలేటట్టు పవర్ సప్లయి తీసుకోవాల. లోపలి పట్టీ వైరుకు యెర్ర గీత వుంటుంది, అది మైనస్ 12 వైపు పడాల. తిరగేసి పెడితే ముక్క కాలిపోద్ది. టీవీ బాగుచేసిన చెయ్యి గనక యిది నాకు కష్టం కాలా.

లైవ్‌కు వేరే కష్టాలుండాయి. యీ పెట్టెలో జ్ఞాపకం వుండదు. నిన్న కలిపిన వైర్లు పీకితే నిన్నటి పాట పోయినట్టే. అందుకని చిన్న పెట్టె మేలు, వైర్లు చేత్తో గుర్తుంటాయి. పెట్టెలో శబ్దం పది వోల్టుల మేర వూగుతుంది, ఆడియో ఇంటర్‌ఫేసు అంత తట్టుకోదు, పగిలిన శబ్దం పోతుంది. దించి పంపే ముక్క కావాల. కరెంటు పోతే నిలబెట్టే యూపీఎస్ కావాల. అనలాగ్ ఆసిలేటర్ చల్లగా వున్నప్పుడు వొక శ్రుతి, వేడెక్కినాక యింకో శ్రుతి. ఇరవై నిమిషాలు ముందే వెలిగించి పెట్టుకోవాల.

యివన్నీ తెలుసుకొని నేను చేసిందేంటి? విదేశీ లైవ్‌ల్లో చూసినట్టే వొక ఆసిలేటర్, వొక ఫిల్టర్, వొక సీక్వెన్సర్ కొన్నా. కెమెరా నా చేతుల మీదా వైర్ల మీదా పెట్టినా. మొహం చూపలా. వూరి పేరు మాత్రం శ్రీహరికోట అని పెట్టుకున్నా. వొచ్చినోళ్లు "అంతరిక్ష సంగీతం" అన్నారు. బెంగళూరు, చెన్నై నుంచి మెచ్చుకున్నారు. వొక దినం వొకాయన రాసినాడు: "శ్రీహరికోటనా! మీ నాన్నగారు సైంటిస్టా?"

వేళ్లు మీటల మీద ఆగినాయి. తర్వాత రాసినా: "షార్‌లో పనిచేశారు."

అబద్ధం కాదది. ఆడ కట్టడాలు లేచేటప్పుడు మా నాయన మేస్త్రీ కింద కూలికి పోయినాడు. నిజమూ కాదది. నా పక్కన కూర్చోనుండిన బిడ్డ, యేడో తరగతి, ఆ మాట పైకి చదివేసింది. "తాతా, నువ్వు షార్‌లో పని చేసినావంట గదా!"

నాయన మంచం మీద నుంచి లేవలా. లైవ్ అయిపోయినాక మెల్లగా అడిగినాడు.

"ఆడ ఆర్నెల్లు తట్ట మోసినా. పలక యాభై యేండ్లు కొట్టినా. ఆర్నెల్ల మాట రాసేదానికి వొచ్చిన చెయ్యి యాభై యేండ్ల మాటకు రాలేదా అబ్బయ్యా?"

నేనేం మాట్లాడలా. ఆయన కూడా మళ్లీ అనలా. పైకప్పు రేకు కింద యిద్దరం మేలుకోనే వున్నామని యిద్దరికీ తెలుసు.

అప్పటికి రెండో విడత కొనాల్సిన ముక్కలు రాసిపెట్టుకోనుండా. అందులో మొదటిది క్లాకు, అంటే లయ యిచ్చే గడియారం. రెండోది డ్రమ్ము శబ్దం పుట్టించే డిజిటల్ ముక్క. ఆ కాగితం మళ్లా చూసుకున్నా. చూరుకు పలక వేలాడతావుంటే డ్రమ్ము శబ్దం కోసం సప్త సముద్రాల అవతలికి డబ్బు కడతావుండా. యింట్లో లయ తెలిసిన మనిషి వుంటే లయ కోసం గడియారం కొంటావుండా. మృదంగం అయ్యవారు నన్ను వాకిట్లో నిలబెట్టినాడని యిన్నేండ్లు యేడ్చినోణ్ణి, మా నాయన్ను నేను కెమెరా వాకిట్లో నిలబెట్టినా.

రెండూ కొట్టేసినా. వాటి బదులు డోఫర్ ఏ-119 అనే ముక్క తెప్పించినా. బయటి శబ్దాన్ని పెట్టెలోకి తీసుకోవడమే దాని పని. అది మూడిస్తుంది. పెంచిన శబ్దం వొకటి. దెబ్బ బలాన్ని బట్టి లేచి పడే ఎన్వలప్ వొకటి. శబ్దం హద్దు దాటినప్పుడల్లా 'వొచ్చింది' అని చెప్పే గేట్ వొకటి. ఆ గేట్‌ను సీక్వెన్సర్ క్లాకులో పెడితే, పలక మీద దెబ్బ పడితేనే స్వరం ముందుకు కదుల్తుంది. దెబ్బ ఆగితే పెట్టె ఆగుతుంది. మామూలుగా గడియారం ముందు పోతుంది, డ్రమ్ము కొట్టేవాడు దాని వెనకాల పరిగెత్తాల. మా దాంట్లో పలక ముందు, పెట్టె వెనక.

చెప్పినంత సుళువుగా కాలా. పలకకు అంటించే మైకు కోసం పియెజో బిళ్ల వాడినా, అది ఎలక్ట్రానిక్స్ అంగట్లో దొరికేదే. దాని శబ్దం బలహీనం, నడుమ ఎఫ్‌ఈటీతో చిన్న బఫరు కట్టినా. బిళ్లను తోలు మీద అంటిస్తే వొక దెబ్బకు రెండు మూడు లెక్క పడినాయి. చట్రానికి అంటిస్తే కుదిరింది. కానీ గేట్ హద్దు పెంచితే లావు పుల్ల దెబ్బే లోపలికి పోతావుంది, సన్న పుల్ల దెబ్బలు బయటే నిలబడిపోతావుండాయి. నాయన చెవిన పెట్టుకొని విని, "సన్నపుల్లను యెందుకు తరిమేసినావు? లావుపుల్ల నడక, సన్నపుల్ల మాట" అన్నాడు. అప్పుడు ఆలోచించినా. ఎన్వలప్‌కు హద్దు లేదు, అది చిన్న దెబ్బనూ వింటుంది. దాన్ని ఫిల్టర్‌కు తగిలించినా. లావుపుల్లతో స్వరం నడిచింది, సన్నపుల్లతో ఫిల్టర్ తెరుచుకోని మూసుకోని మాట్లాడింది.

యింకో తంటా. హెడ్‌ఫోన్ పెట్టుకొని కొడతా నాయన, "నా యెనకాల యెవురో వొస్తావుండారు" అన్నాడు. కంప్యూటర్ గుండా తిరిగొచ్చే శబ్దం ఆలస్యం అది. నేను పట్టుకోలేకపోయినా, ఆయన చెవి పట్టింది. బఫర్ 512 శాంపిళ్ల నుంచి 128కి దించినా. చివరికి కంప్యూటర్‌తో పనిలేకుండా మిక్సర్ నుంచే నేరుగా వినిపించినా. "యిప్పుడు పక్కన వుండాడు" అన్నాడు.

బిడ్డ చెన్నైలో వున్న మేనత్తకు ఫోన్‌లో వీడియో చూపిస్తే, ఆమె "మీ మాటలు యినపడతా వుండాయి గానీ పలక యినపడటంలా" అనింది. ఫోను మనిషి గొంతును వుంచి మిగతాది గోలని తీసేస్తుంది. దాని లెక్కలో పలక కూడా గోలే. అందుకే లైవ్‌కు ఫోను మైకు వాడొద్దని చెప్పేది. ఇంటర్‌ఫేసు నుంచే పంపాల, గోల తగ్గించే మీట యెక్కడున్నా ఆపేయాల.

2023 జులై 14 మధ్యాహ్నం 2:35కి చంద్రయాన్-3 లేచింది. దేశమంతా మా దిక్కే చూసింది. రేకులు అదిరినాయి. ఆ సాయంత్రం మేం లైవ్ పెట్టినాం. ఇరవై నిమిషాలు ముందు నేను పెట్టె వెలిగించినా, వాకిట్లో నాయన గడ్డి మంట వేసి పలక కాచినాడు. వుప్పుగాలికి తోలు మెత్తబడుంటుంది, కాగితేగానీ పలకదు. ఆసిలేటర్‌కూ వేడి కావాల, పలకకూ వేడి కావాల. "నీ పెట్టెకు కూడా సలి పెడతాదా?" అని నవ్వినాడు.

కెమెరాను వెనక్కి జరిపినా. పలకా, పెట్టే, మా యిద్దరి మొహాలూ పట్టేటట్టు పెట్టినా. మొదట నేనే మాట్లాడినా. "యీయన మా నాయన. సూళ్లూరుపేట పక్క మాదిగపల్లెలో యాభై యేండ్లు పలక కొట్టినాడు. షార్‌లో ఆర్నెల్లు కూలి చేసినాడు. పోయినసారి నేను సగమే చెప్పినా." గొంతు వొణికింది. నాయన నా దిక్కు చూళ్లేదు. సన్నపుల్లతో రెండు దెబ్బలేసి, కానీ అన్నట్టు తల వూపినాడు.

నలభై వొక్క మంది వుండిరి. వాయించేటప్పుడు ఇరవై తొమ్మిదికి దిగినారు. "ఆ పాత అంతరిక్ష సంగీతమే బాగుండె" అని వొకరు రాసినారు. "సావు మేళం యెందుకు యీ మంచి రోజున" అని యింకొకరు. చివర్లో వొక పిల్లోడు రాసినాడు. "అన్నా, మా తాతది కూడా చూరుకే వుంది. ఆ మైకు యెట్ల అంటించినారు?"

నాయన్ను యేమనిపించిందని అడిగినా. "సావింటి కాడ కొట్టేటప్పుడు యెవురూ నా మొహం చూడరబ్బయ్యా. సూసేది యేంటికి, శవాన్ని చూస్తారు. యీ దినం చూసినారు" అన్నాడు. అంతే. పలకను గుడ్డతో తుడిచి చూరుకు తగిలించబోయి, ఆగి, పెట్టె పక్కన పెట్టినాడు.

ఆ పిల్లోడికి ఆ రాత్రే జవాబు రాసినా. ఖరీదైన ముక్కల పేర్లు రాయలా. బిళ్ల తోలుకు కాదు చట్రానికి అంటించు, నడుమ బఫరు పెట్టు, సన్నపుల్లను వొదిలిపెట్టొద్దు, గడియారం కొనేముందు మీ తాతను వొకసారి అడుగు అని రాసినా.